పాకం పాక దగ్గర రెండు పిలుపులు

ఆ సాయంత్రం ధాత్రికి పిలుపు వినపడింది. స్పష్టంగానే వినపడింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఈ మాట ఆమె ఇంతవరకూ పైకి అనలేదు. లోహిత్ అన్న అడిగినప్పుడు అనలేదు. ఆసుపత్రిలో నర్సు అడిగినప్పుడు అనలేదు. బాత్రూం అద్దం ముందు నిలబడి అని చూద్దామనుకుంటే, పెదాల దాకా వచ్చి మళ్ళీ లోపలికే జారిపోయింది. "నాకేం వినపడలేదు" అని ఒక్కసారి నోరు జారినందుకు, ఆ అబద్ధాన్ని పదకొండు నెలలుగా పెంపుడు పిల్లిలా మేపుతూ వస్తోంది.

అదెక్కడ జరిగిందో ముందు చెప్పాలి. ఆ చోటుకి అప్పటికే మంచి పేరు లేదు.

కెనడాలో ఒషావా అనే ఊరి నుంచి ఉత్తరంగా అరగంట డ్రైవ్ చేస్తే అడవి వస్తుంది. ఎండాకాలం నడిచేవాళ్ళ దారి అది. చలికాలం మంచు తొక్కుడుపడి రాయిలా బిగిశాక లావు టైర్ల సైకిళ్ళ దారి. మూడో కిలోమీటరు దగ్గర దారి ఎడమకి తిరిగి వాగు గట్టు మీదకి దిగుతుంది. ఆ మలుపులో ఒక పాక. ఒకప్పుడు అందులో మేపుల్ చెట్ల నీరు కాచి పాకం తీసేవారట. ఇప్పుడు కప్పు సగం కూలిపోయింది. తలుపుకి అడ్డంగా రెండు చెక్కలు కొట్టేశారు. మనవాళ్ళు దానికి పాకం పాక అని పేరు పెట్టుకున్నారు. పేరు వింటే నోరూరుతుంది గానీ — పొద్దు కుంకాక అక్కడ ఎవరూ ఆగరు.

ఎందుకాగరంటే, స్నోమొబైల్ మీద తిరుగుతూ దారి చదును చేసే ముసలాయన ఒకాయన లోహిత్ అన్నతో అన్నాడట, ఆ మలుపులో ఆగొద్దు, అది మంచి చోటు కాదు అని. ఆయనన్నది అంతే. మిగతాదంతా లోహిత్ అన్న చేతి వంట. ఆయనది గుంటూరు. అమెరికాలో ఆరేళ్ళు చేసి, అక్కడ వీసా తెమలక ఇటొచ్చిన ఐటీ మనిషి. ఉన్నమాటని ఉన్నట్టు చెబితే ఆయనకి అన్నం సయించదు. ఆ ముసలాయన మాటకి ఆయన తిరగమోత పెట్టగా పెట్టగా, చలికాలం సగంలో పడేసరికి దానికొక కథ తయారైంది. పాకం కాచే ముసలావిడ ఒక రాత్రి నీళ్ళకని వాగులోకి దిగిందట... మళ్ళీ పైకి రాలేదట. చీకటి పడ్డాక ఆ మలుపులో ఎవరైనా ఆగితే, కింద నుంచి పేరు పెట్టి పిలుస్తుందట.

దీక్షిత్ సైకిల్ షాపులో పార్ట్‌టైం చేసే కుర్రాడు. కలిసి సైకిళ్ళు తొక్కే ఈ నలుగురికీ బళ్ళు తెచ్చేది వాడే. వాడికి దెయ్యం మీద కంటే దాని ఉచ్చారణ మీద అనుమానం ఎక్కువ. ఇన్నేళ్ళలో ఒక్క కాఫీ కప్పు మీద కూడా తన పేరు సరిగ్గా రాసినవాడు లేడు, ఆ ముసలావిడకి మన పేర్లెలా పలుకుతాయి అని అడిగాడు.

"చచ్చాక అన్ని భాషలూ వస్తాయిరా," అన్నాడు లోహిత్ అన్న.

నాలుగో మనిషి స్పందన. ధాత్రి, స్పందన ఒకే బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళు. ఒకే కాలేజీ, ఒకే గది, ఒకే రైస్ కుక్కర్. ధాత్రిది కాకినాడ, స్పందనది జగిత్యాల. పప్పులో చింతపండు ఎంత వెయ్యాలనే దగ్గర తప్ప ఇద్దరికీ ఎక్కడా పేచీ లేదు. స్పందన ఆమెని పూర్తి పేరుతో ఎన్నడూ పిలవలేదు. ధాతూ అనేది, ఏందే అనేది. కోపమొస్తే మేడం అనేది.

ఆ జనవరి శనివారం మైనస్ పదిహేడు. వాళ్ళు బయల్దేరేసరికి నాలుగున్నర. ఇక్కడ రాత్రి అవడానికి రాత్రే కానక్కర్లేదు, అయిదు దాటితే చాలు. తాగే నీళ్ళ సీసా మూతి గడ్డకట్టింది. ఫోన్లు ఒక్కొక్కటీ కళ్ళు మూశాయి. లోహిత్ అన్న మీసాలకి రెండు మంచు పుల్లలు వేలాడుతున్నాయి. దీక్షిత్ అందరి టైర్లూ బొటనవేలితో నొక్కి చూసి, ఇంకా మెత్తగా ఉండాలని గాలి తీశాడు. చీకట్లో హెల్మెట్ల మీద లైట్లు వెలిగించి వరసగా కదిలారు — ముందు లోహిత్ అన్న, వెనక దీక్షిత్, తర్వాత ధాత్రి, చివర స్పందన.

టైర్ల కింద మంచు అప్పడంలా నలుగుతోంది. ఆ చప్పుడు తప్ప అడవిలో ఇంకేం లేదు.

మగవాళ్ళిద్దరూ పోటీ పడి ముందుకెళ్ళిపోయారు. పాకం పాక మలుపు తిరిగాక ధాత్రికి ఏదో తేడాగా అనిపించింది. అంతవరకూ తన వెనక నుంచి పడుతూ వచ్చిన వెలుగు, తన నీడని ముందుకి సాగదీస్తూ వచ్చిన వెలుగు... లేదు. అప్పడాల చప్పుడు కూడా ఒక్కటే వస్తోంది, తనది.

బ్రేక్ వేసింది. సరిగ్గా పాక తలుపుకి ఎదురుగా.

"ధాత్రీ..."

కింద నుంచి. వాగు వైపు నుంచి. సన్నగా, నిదానంగా, పూర్తి పేరుతో. ఇమిగ్రేషన్ వాళ్ళు ఉత్తరంలో రాసే పేరులా.

ధాత్రి ఒంటికి ఆ మైనస్ పదిహేడులోనూ చెమట పట్టింది. ఆమె అమ్మమ్మ బాలత్రిపురసుందరి గారు పోతూ పోతూ మనవరాలికి వదిలిపోయింది రెండే. ఒకటి రవ్వల దుద్దులు. రెండోది ఒక నియమం: చీకటిపడ్డాక ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారికి గానీ పలక్కూడదు. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు. ఆ జాతికి మూడోసారి పిలిచే ఓపిక ఉండదు. పలికామా, మన గొంతు వాటిదైపోతుంది. అటు తిరిగి చూడనూ కూడదు.

ధాత్రికి ఇరవయ్యారేళ్ళు. కార్ల విడిభాగాల కంపెనీలో ఏ బోల్టు ఎక్కడుందో కంప్యూటర్‌లో చెప్పగలదు. దెయ్యాల్లేవని పగటిపూట ఎవరితోనైనా వాదిస్తుంది. కానీ అది పగలు కాదు.

"ధాత్రీ..."

రెండు.

స్పందన గొంతులాగే ఉంది. ఉంటుంది మరి, ఆ జాతి పని అదే కదా. స్పందనైతే ధాతూ అంటుంది. స్పందనైతే ఈపాటికి నలుగురు దేవుళ్ళనీ, సైకిల్ కనిపెట్టినవాణ్ణీ కలిపి తిడుతుంది. ఇంత మర్యాదగా పిలవడమేమిటి? ఇంకొక్కసారి పిలిస్తే చాలు, మూడోది పడితే చాలు, పరిగెత్తుకుంటూ దిగిపోతాను... అనుకుంటూ ధాత్రి నిలబడింది. ముఖం పాక తలుపు వైపు. తల తిప్పలేదు.

మూడోది రాలేదు.

అయిదు నిమిషాలు. పది. ఆంజనేయ దండకం చదువుదామంటే మొదటి ముక్క తర్వాత ఏముందో గుర్తు రాలేదు. భయంలో మనిషికి నోటికొచ్చిందే మంత్రం. ధాత్రికి నోటికొచ్చింది పీఆర్ ఫైలు నంబర్ ఒక్కటే, ఈ దేశంలో శాశ్వతంగా ఉండిపోవడానికి పెట్టుకున్న దరఖాస్తుది. రెండేళ్ళుగా రోజూ వెబ్‌సైట్లో కొడుతున్న నంబరది. ఈ, జీరో, జీరో, త్రీ, సెవెన్, సెవెన్... ముక్కు మీదాకా లాక్కున్న మాస్క్ వెనక అదే గొణుక్కుంటూ నిలబడింది. ఆవిరి మాస్క్ మీద, కనురెప్పల మీద, కనుబొమల మీద తెల్లగా పేరుకుంటోంది. సెవెన్, వన్, ఫోర్...

ఇరవై నిమిషాలు గడిచాయో, ఇంకా ఎక్కువో. దూరంగా చెట్ల మధ్య రెండు లైట్లు ఊగుతూ కనపడ్డాయి. వెనక్కి వస్తున్నారు. ధాత్రి సైకిలెక్కి ఎంత వేగంగా తొక్కిందో ఆమెకే తెలీదు, దారి మధ్యలోనే వాళ్ళకి ఎదురెళ్ళింది.

స్పందన ఏది అని అడిగాడు లోహిత్ అన్న.

వెనకే వస్తోందనుకున్నాను, మిమ్మల్ని అందుకుందామని వచ్చేశాను అంది ధాత్రి. అది మొదటి అబద్ధం. చిన్నది.

ముగ్గురూ కలిసి మలుపు దగ్గరికొచ్చారు. లోహిత్ అన్న గొంతెత్తి స్పందనా అని ఒక్క కేక వేశాడు.

"ఈడున్న అన్నా..." అంది స్పందన.

గట్టు కింద. పాక నుంచి ఇరవై అడుగుల దూరంలో.

ముసలాయన చెప్పిన చెడ్డచోటు రహస్యం కూడా అప్పుడే బయటపడింది. మలుపులో కొండ వాలు నుంచి నీరు ఊరి, దారి మీద పల్చగా గాజులా గడ్డకడుతుంది. అక్కడ ఆగితే జారతారు. పాపం ఆయన చెప్పింది అదే. ఆగబోయి స్పందన జారింది, గట్టు మీంచి దొర్లింది, లైటు పగిలింది, కాలు సైకిల్ కింద మడత పడింది. మోకాటి లోతు మంచులో, తడిసిన బూటుతో, అంతసేపూ అలాగే ఉంది.

ఎత్తి పైకి తెస్తుంటే లోహిత్ అన్న అడిగాడు, ఇంతసేపు కింద పడుంటే ఒక్క కేక వెయ్యలేదా అని. వేశాను అంది స్పందన. లోహిత్ అన్న ధాత్రి వైపు తిరిగాడు.

"నీకు వినపడలేదా?"

స్పందన కూడా ఆమెనే చూస్తోంది. లైటు వెలుగులో ఆ కళ్ళు... ఏదో అడుగుతున్నట్టు, చెప్పమ్మా అని బతిమాలుతున్నట్టు.

"లేదన్నా. నాకేం వినపడలేదు. గాలి కదా."

గాలి లేదు. ఆ సాయంత్రం ఆకు కూడా కదల్లేదు. ఆకులే లేవు.

ఆ మాట వినగానే స్పందన ముఖం పాలిపోయింది.

చీలమండ బెణికింది, మూడు వారాలు చేతికర్రలు. ఎడమ కాలి చిటికెన వేలు నల్లబడి, తొక్క ఊడి, బతికింది గానీ కొసన స్పర్శ పోయింది. ఆ మూడు వారాలూ ధాత్రి ఆమెకి కాపడం పెట్టింది, అన్నం పెట్టింది, షిఫ్టులు మార్చుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఒక్కసారి కూడా కళ్ళలోకి చూడలేకపోయింది. ఒకరోజు స్పందన, ఆడ ఏదో ఉందే ధాతూ, అని మొదలుపెట్టింది. ధాత్రి కుక్కర్ విజిలొచ్చిందని లేచి వెళ్ళిపోయింది. విజిల్ రాలేదు. వాళ్ళ కుక్కర్‌కి అసలు విజిలే లేదు.

ఫిబ్రవరిలో స్పందన దేశానికి ఆ చివర, పడమటి ఒడ్డునున్న సర్రీకి వెళ్ళిపోయింది, అక్కడ ఉద్యోగం దొరికిందని. బస్టాపు దగ్గర ఇద్దరూ సీరియల్లో తోడికోడళ్ళలా కౌగిలించుకున్నారు. తర్వాత రెండుసార్లు ఫోన్ చేసింది. ఫిబ్రవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి. రెండుసార్లూ ధాత్రి ఫోన్ చేతిలో పట్టుకుని, అది మోగి మోగి ఆగేదాకా చూస్తూ కూర్చుంది. ఎత్తితే ఏముంది, ఎందుకు పలకలేదే అని అడుగుతుంది. అడగాల్సిందే. మూడోసారి చేస్తే కచ్చితంగా ఎత్తుతాను, ఎత్తి అంతా చెప్పేస్తాను అనుకుంది.

మూడోసారి రాలేదు. ఏప్రిల్లో రాలేదు, దసరాకి రాలేదు, ధాత్రి పుట్టినరోజుకి కూడా రాలేదు. నన్నిక మనిషి కింద లెక్కవెయ్యట్లేదు అనుకుంది ధాత్రి. ఆ రోజు వేసుకున్న పసుపుపచ్చ జాకెట్‌ని బట్టల దానం డబ్బాలో పడేసింది.

మళ్ళీ చలికాలమొచ్చింది. డిసెంబర్లో దారి గట్టిపడిందో లేదో లోహిత్ అన్న గ్రూపులో మెసేజ్ పెట్టేశాడు. ఈసారి నాలుగో మనిషి కావ్యశ్రీ, కొత్తగా కాలేజీలో చేరిన అమ్మాయి, ఇరవై రెండేళ్ళుంటాయి. మొదటిసారి లావు టైరు సైకిలెక్కిన సంబరంలో దారంతా కబుర్లు చెబుతూ ధాత్రి వెనకాలే తొక్కుతోంది. పాక ఇంకో వంద గజాలుందనగా హఠాత్తుగా మాట ఆపేసింది.

"అక్కా... పాకం పాక అంటే ఇదేనా?"

ఇదేనంది ధాత్రి. లోహిత్ అన్న నీక్కూడా కథ చెప్పేశాడా అని అడిగింది.

కావ్యశ్రీ పక్కకి వచ్చి గొంతు తగ్గించింది. అన్నయ్య చెప్పింది ముసలావిడ కథ, అది ఉత్తదే అంది. ఇక్కడున్నది ముసలిది కాదు. ఎండాకాలమంతా తను సర్రీలో ఒక ఇంట్లో అద్దెకుందట, ఆ ఇంట్లో స్పందనక్క అని ఒకావిడ ఉందట, ఆవిడ కళ్ళారా చూసిందట.

ధాత్రి కాళ్ళు పెడళ్ళ మీద ఆగిపోయాయి.

కావ్యశ్రీ గుసగుసగా చెప్పుకుపోయింది. స్పందనక్క ఆ గట్టు కింద పడిపోయిందట. కాలు కదలట్లేదట. కాసేపటికి పైన వెలుగు కనపడిందట. చూస్తే, పాక ముందు ఎవరో నిలబడి ఉన్నారట. నుదుటి మీద దీపం. పసుపుపచ్చ జాకెట్, అచ్చం వాళ్ళ ఫ్రెండ్‌ది లాంటిదే. పక్క నుంచి కనపడ్డంత వరకూ ముఖం మాత్రం తెల్లగా, సున్నం కొట్టినట్టు, కనురెప్పలు కూడా తెల్లగా. కాళ్ళు లేవట.

గట్టు అడ్డం, అనుకుంది ధాత్రి. గట్టు అడ్డమొచ్చి కనపడలేదు.

"తలుపు దిక్కే చూస్తోందట అక్కా. అటూ ఇటూ కదలదట. అనుమానమొచ్చి, ఎందుకైనా మంచిదని మర్యాదగా పూర్తి పేరుతో పిలిచిందట. పలకలేదు. ఇంకోసారి పిలిచింది. పలకలేదు. అప్పుడర్థమైందట."

"మూడోసారి ఎందుకు పిలవలేదు?" అంది ధాత్రి. ఆ మాట ఆమె గొంతులోంచి గాలిలా వచ్చింది.

"వాళ్ళ నాయనమ్మ చెప్పిందట. రెండుసార్లు పిలిచినా పలకలేదంటే అది మనిషి కాదని. మూడోసారి పిలిచామా, ఇక మన వెంటే వచ్చేస్తుందట."

ఆ పైన ఒకరు మూడో పిలుపు కోసం, ఈ కింద ఒకరు మొదటి పలుకు కోసం... కాకినాడ అమ్మమ్మ నియమం, జగిత్యాల నాయనమ్మ నియమం ఒకదానికొకటి తాళం పడి, మధ్యలో ఇరవై అడుగుల మంచు.

ఇంకా ఉందక్కా, అసలు భయం వేసేది ఇదే అంది కావ్యశ్రీ. ఆ దెయ్యం గొణుగుతోందట. ఇంగ్లీషులో. ఏవో అంకెలు. త్రీ, సెవెన్, సెవెన్... ఇంకా ఎంతమంది కావాలో లెక్కపెట్టుకుంటోందన్నమాట. అన్నయ్యవాళ్ళ లైట్లు కనపడేసరికి రివ్వున మాయమైందట. తర్వాత నిజం ఫ్రెండ్ వాళ్ళతో కలిసి వచ్చి, నాకేం వినపడలేదు అందట. అంటే పైనున్నది ఆవిడ కాదనేగా.

ధాత్రికి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. పదకొండు నెలలు. ఆ కళ్ళు తనని నిలదీస్తున్నాయనుకుంది. అవి, నువ్వే కదూ అని అడిగాయి అంతే. ఔననుంటే ఆ దెయ్యం అక్కడికక్కడే చచ్చిపోయేది.

మరి ఆ ఫ్రెండ్‌కి చెప్పలేదా అని అడిగింది.

చెప్పబోతే మాట తప్పించేసిందట. ఆ రోజు నుంచీ ఆ పిల్ల అదోలా అయిపోయిందట. కళ్ళలోకి చూసేది కాదట. రాని విజిల్ వచ్చిందని లేచిపోయేదట. ఇంటికొచ్చింది ఫ్రెండో, లేక... కావ్యశ్రీ వాక్యం పూర్తిచెయ్యలేదు. సర్రీ వెళ్ళాక మనసొప్పక, ఆ చోటుకి మళ్ళీ వెళ్ళొద్దని చెబుదామని రెండుసార్లు ఫోన్ చేసిందట.

"ఎత్తలేదక్కా. రెండుసార్లూ. ఇంక మూడోసారి ఎలా చేస్తుంది చెప్పు? ఆ పిల్ల పేరు కూడా పలకదు. కానీ ఫోన్లో ఫోటో ఉందనుకుంటా, అప్పుడప్పుడూ చూసుకుని ఏడుస్తుంది."

పాక దగ్గరికి వచ్చేశారు. ఇప్పుడక్కడ ముసలాయన ఒక బోర్డు పెట్టాడు, జారుతుంది జాగ్రత్త అని. ధాత్రి బోర్డుకి ఇవతల, మంచు గరుకుగా ఉన్నచోట సైకిల్ దిగింది. సరిగ్గా తలుపుకి ఎదురుగా.

నువ్వు వెళ్తుండు, నేనిక్కడ రెండు నిమిషాలు ఆగి వస్తాను అంది.

ఇక్కడా అన్నట్టు చూసింది కావ్యశ్రీ. ధాత్రి తలూపింది. హెల్మెట్ మీద లైటు కూడా ఊగింది. కావ్యశ్రీ ఆ లైటుని చూసింది, కనురెప్పల మీద పేరుకున్న తెలుపుని చూసింది, కిందికి వంగి ధాత్రి కాళ్ళు కూడా ఒకసారి చూసుకుంది. తర్వాత ఏమనుకుందో ఏమో గానీ, మొదటిరోజు సైకిలెక్కిన పిల్ల అంత వేగంగా తొక్కడం ఆ అడవి ఎప్పుడూ చూసుండదు.

ధాత్రి ఒంటరిగా మిగిలింది. కింద వాగు, మంచు దుప్పటి కింద ఎక్కడో సన్నగా కదులుతోంది.

ముందు నుంచి, చెట్ల అవతల నుంచి, లోహిత్ అన్న గొంతు.

"ధాత్రీ..."

"ఆఁ అన్నా, ఇక్కడే ఉన్నా," అంది ధాత్రి. మొదటి పిలుపుకే. అంత గట్టిగా తన గొంతు తను విని చాలా రోజులైంది.

పళ్ళతో గ్లోవ్ లాగేసింది. జేబులో, ఒంటికి ఆనించి దాచుకున్న ఫోన్ తీసింది. బ్యాటరీ పదకొండు. ఇక్కడ అయిదున్నర, సర్రీలో మధ్యాహ్నం రెండున్నర. స్పందన పనిలో ఉంటుంది. ఈ నంబర్ చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. మొదటిసారి ఎత్తదు. రెండోసారీ ఎత్తదు, అటు దిక్కున ఫోన్ పట్టుకుని చూస్తూ కూర్చుంటుంది.

ఫర్వాలేదు. ధాత్రి మూడోసారి కూడా చేస్తుంది.